గోపల్ల గ్రామం దారిలో

కి. రాజనారాయణన్ తమిళ రచయిత. ఆయన ఇంటి భాష తెలుగు. తమిళ పాఠకులు ఆయన్ని కి. రా. అని రెండక్షరాల్లో పిలుచుకుంటారు. 1923లో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ అనే పల్లెలో పుట్టి, 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూశారు. తెలుగు నేల విడిచి దక్షిణానికి నడిచి వెళ్ళిన రైతు కుటుంబాల కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మొదటి నవలలోని మనుషులు వెళ్ళిన దిక్కుగానే పల్నాడులోని క్రోసూరు నుంచి సాగిన ప్రయాణం ఇది. దారిలో ఎదురయ్యే నేల, పంట, తిండి, పలకరింపు ఆయన పుస్తకాల్లోని పేజీలను మళ్ళీ మళ్ళీ గుర్తుచేస్తాయి.

క్రోసూరు సత్తెనపల్లికి ఉత్తరాన, కృష్ణానదికి ఇవతల ఉంటుంది. ఊరు దాటితే నల్లరేగడి. వేసవిలో పాదం దిగేంత నెర్రెలు, వానపడితే చెప్పును పట్టుకుని వదలని బురద. ఈ నేల నమ్ముకున్న పంటలు పత్తి, మిరప. నైరుతి రుతుపవనాలు తొలకరి తెస్తే విత్తనం పడుతుంది. మాఘ ఫాల్గుణాల్లో కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా ఎండుతుంటాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక పల్నాడులో చాలా భాగం మాగాణి రుచి చూసింది. అంతకుముందు ఈ ప్రాంతపు బతుకు వాన మీద, చెరువు మీద, జొన్న సజ్జల మీద నడిచింది. ఆ పాత పల్నాడును చూసిన ముసలివాళ్ళు చెప్పే సంగతులు చెవిన పడివుంటే, దక్షిణ తమిళనాడు పల్లెల్లో అడుగుపెట్టినప్పుడు అది పరాయి చోటులా అనిపించదు.

గుంటూరు, ఒంగోలు, నెల్లూరు దాటి రైలు చెన్నై చేరే దాకా కిటికీ బయట చూపు తెలిసిన దృశ్యాల మీదే నడుస్తుంది. ఒంగోలుకు ఉత్తరంగా గుండ్లకమ్మ వంతెన వస్తుంది. ఈ ఏటి పరీవాహక ప్రాంతాన్నే పాత శాసనాలు కమ్మనాడు అన్నాయి. దక్షిణ తమిళనాడులో స్థిరపడిన తెలుగు సేద్యగాళ్ళలో కమ్మవార్లు ఒక పెద్ద సమూహం, కి. రా. కుటుంబం ఆ సమూహంలోదే. వాళ్ళతోపాటు రెడ్లు, రాజకంబళం నాయకులు, గొల్లలు, చేతిపనుల వాళ్ళు వేర్వేరు కాలాల్లో వేర్వేరు కారణాలతో దిగువకు వెళ్ళారు. కొందరిని యుద్ధం తీసుకెళ్ళింది, కొందరిని కొత్త భూమి పిలిచింది, కొందరిని భయం తరిమింది. రాజుల వెంట వెళ్ళినవాళ్ళ సంగతి శాసనాల్లో దొరుకుతుంది. భయంతో వెళ్ళినవాళ్ళ సంగతి మాత్రం అవ్వల నోట నిలిచింది.

రాజుల వెంట నడిచిన చరిత్రకు నిలువెత్తు సాక్ష్యం మదురై. విజయనగర సేనలు 14వ శతాబ్దంలో కుమార కంపన నాయకత్వంలో ఇక్కడికి చేరాయి. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో నాయక రాజ్యం మొదలై 1736 వరకు సాగింది. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలులో ఇవాళ్టికీ ఆ గుండ్రటి లావు స్తంభాల కింద నిలబడితే మనిషి చిన్నవాడైపోతాడు. మదురై, తంజావూరు నాయక రాజుల కాలంలో తెలుగు యక్షగానం, వచనం, శృంగార కావ్యం కొత్త దారులు తొక్కాయి. సాహిత్య చరిత్రకారులు దాన్ని దక్షిణాంధ్ర యుగం అని పేరుపెట్టి చదువుతున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన సంగతి ఉంది. ఒకే వలస రెండు సాహిత్యాలను పుట్టించింది. కొలువులోకి వెళ్ళిన తెలుగు, రాజుల పోషణలో తెలుగుగానే వెలిగి, ఆ రాజ్యాలతోపాటే ఆరిపోయింది. పొలంలోకి వెళ్ళిన తెలుగుకు లిపి మిగల్లేదు, పండితుడు మిగల్లేదు. అది వంటింట్లో, పశువుల కొట్టంలో, పెళ్ళిపందిట్లో మాటగా బతికి, కొన్ని వందల ఏళ్ళకు కి. రా. చేతిలో తమిళ నవలగా బయటికి వచ్చింది. తెలుగు పాఠ్యపుస్తకాలు మొదటిదాన్ని చెబుతాయి, రెండోదాన్ని చెప్పవు.

మదురై నుంచి దక్షిణానికి వెళ్ళే దారికి పడమటి పక్కన శ్రీవిల్లిపుత్తూరు ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’కు కథాస్థలంగా ఎంచుకున్న ఊరు ఇదే. ఆ కావ్యంలోని ఎండలు, వానలు, రైతుల పాట్లు చదివినవాళ్ళకు ఈ ఊరి పొలాలు ముందే పరిచయమైనట్టుంటాయి. ఆండాళ్ గుడి గోపురం చుట్టూ వీధుల్లో పాలకోవా దుకాణాలు వరసగా ఉంటాయి. వెడల్పు మూకుళ్ళలో పాలు గంటల కొద్దీ మరుగుతుంటాయి. దుకాణంవాళ్ళు కొనమని అడగకముందే కాస్త కోవా ఆకులో పెట్టి చేతికి ఇస్తారు. రుచి చూసి కొనకుండా వెళ్ళినా ముఖం చిట్లించరు.

విరుదునగర్ దాటాక నేల రంగు మారుతుంది. ఎర్ర మట్టి వెనకపడి నలుపు మొదలవుతుంది. తమిళులు దీన్ని కరిసల్ అంటారు. క్రోసూరు చేలల్లో కనిపించే నల్లరేగడే ఇక్కడా పరుచుకుని ఉంటుంది. అదే పత్తి, అదే మిరప, అవే నెర్రెలు. తేడా అంతా వానలో ఉంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడంతో ఈ ప్రాంతం ఈశాన్య రుతుపవనం కోసం ఎదురుచూస్తుంది. పల్నాడు రైతు ఆషాఢంలో చేసే పనిని కరిసల్ రైతు ఆశ్వయుజంలో చేస్తాడు. పెద్ద నది లేదు, పెద్ద కాలువా లేదు; కణ్మాయి అని పిలిచే చెరువులు నిండితే పంట, లేకపోతే లేదు. చెరువులు ఎండిన చోటల్లా సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. దూరాన తాటిచెట్లు, ఇంకా దూరాన నీలంగా కనుమలు. సాగర్ నీళ్ళు రాని పల్నాడు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ఈ దారి చాలు.

పంట నమ్మకం లేని చోట జనం చేతిపనిని వెతుక్కున్నారు. గాలిలో తేమ తక్కువ కావడం అగ్గిపెట్టెల పనికి కలిసివచ్చింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి మూడూ అగ్గిపెట్టెల ఊళ్ళయ్యాయి. శివకాశి టపాకాయలకు, అచ్చుపనికి కూడా పేరుపడింది. పల్నాడు ఇళ్ళలో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్లు ఎన్నో ఇక్కడి అచ్చుయంత్రాల మీదే పుట్టాయి. సాత్తూరులో బస్సు ఆగగానే సేవు పొట్లాలు కిటికీ దాకా వస్తాయి. అది మన కారప్పూస లాంటిదే, కాస్త లావుగా, వెల్లుల్లి ఘాటుతో ఉంటుంది. గుంటూరు కారానికి అలవాటుపడిన నాలుక దానికి సంతోషంగా లొంగుతుంది.

కోవిల్‌పట్టి ఈ నల్లనేలకు కూడలి. ఇక్కడి వేరుశనగ అచ్చుకు కడలై మిఠాయి అని పేరు, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వేరుశనగ గింజ కరిసల్ నేలది, బెల్లం పాకం బయటి ఊళ్ళది. రెండూ కలిసి పట్టణానికి పేరు తెచ్చాయి. పాత తిండి మాత్రం సజ్జ. సజ్జ అంబలిలో మజ్జిగ పోసి, పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయ నంజుకు తాగడం ఎండ వేళ ఇక్కడి అలవాటు. పల్నాడులో జొన్నన్నం, సజ్జ సంకటి ఎరిగిన తరానికి ఈ రుచి విడమరిచి చెప్పనక్కర్లేదు. టీకొట్టు బల్ల మీద కూర్చున్న పెద్దలు కొత్త మనిషిని అన్నాచ్చి అని పలకరించి, ముందు మంచినీళ్ళు అందిస్తారు. వచ్చినవాళ్ళు తెలుగువాళ్ళని తెలిస్తే పలకరింపు ఇంకో మెట్టు ఎక్కుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వాళ్ళ తెలుగులో తమిళపు సాగతీత ఉంటుంది, మన వాడుకలో మాసిపోయిన పాత మాటలు ఉంటాయి, చదవడం రాయడం మాత్రం ఎక్కువమందికి రాదు. అయినా మీదే ఊరు, ఏ వంశం, ఏ దేవుడికి మొక్కుతారు అని అడిగే తీరులో తప్పిపోయిన చుట్టాన్ని వెతుక్కునే ఆత్రం వినిపిస్తుంది.

కి. రా. జ్ఞాపకార్థం తమిళనాడు ప్రభుత్వం కోవిల్‌పట్టిలోనే స్మారక మందిరం కట్టి, విగ్రహం నిలిపింది. పట్టణం నుంచి తిరునెల్వేలి వైపు కొద్ది దూరం వెళితే ఇడైసెవల్. పెద్దదేమీ కాని ఊరు. వీధులు, చావడి, వేపచెట్లు, ఊరి చుట్టూ నల్లచేలు. ఈ ఒక్క పల్లె ఇద్దరు సాహిత్య అకాడమీ గ్రహీతలను ఇచ్చింది. 1970లో మరణానంతరం పురస్కారం పొందిన కథకుడు కు. అళగిరిసామి, కి. రా. ఇద్దరూ ఈ ఊరి బిడ్డలే, ఒకే ఏడు పుట్టినవాళ్ళే, చిన్ననాటి స్నేహితులే. ఇద్దరికీ కర్ణాటక సంగీతమంటే ప్రాణం. అళగిరిసామి పత్రికారంగంలోకి మద్రాసు వెళ్ళారు. కి. రా. ఊళ్ళో ఉండి సేద్యం చేశారు.

ఆయన బడి చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. కమ్యూనిస్టు పార్టీలో చేరి, 1947–51 మధ్య రైతు పోరాటాల్లో పాల్గొని జైలుకు వెళ్ళారు. రచనకు దిగేనాటికి ముప్పై అయిదేళ్ళు దాటాయి. మొదటి కథ ‘మాయమాన్’ 1959లో ‘సరస్వతి’ పత్రికలో వచ్చి వెంటనే పేరు తెచ్చింది. ఆలస్యంగా మొదలుపెట్టడం ఆయనకు మేలే చేసింది. అప్పటికి ఆయన దున్నాడు, పంట పోగొట్టుకున్నాడు, శిస్తు బాకీ పడ్డవాడి ముఖం చూశాడు, ఊరి పంచాయితీల్లో కూర్చున్నాడు. పుస్తకంలోకి తెచ్చుకోవడానికి ఆయనకు ఊరంత సామగ్రి సిద్ధంగా ఉంది.

1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’లో కథ ఒక హత్యతో ఊపందుకుంటుంది. దాహంతో ఊరి చెరువు దగ్గరికి వచ్చిన ఒక బాటసారి స్త్రీని నగల కోసం దొంగ చంపుతాడు. దొరికిన దొంగను ఊరిపెద్దలైన కోట ఇంటివాళ్ళు విచారిస్తారు. పోలీసు, కచేరీ లేని కాలంలో ఊరే న్యాయస్థానం. ఆ ఇంట్లో నూరేళ్ళు ఎప్పుడో దాటిన మంగత్తాయారమ్మ అనే అవ్వ ఉంటుంది. తమ పూర్వీకులు తెలుగు నేలను ఎందుకు విడిచారో ఆమె చెబుతుంది. చెన్నాదేవి అనే అందమైన పిల్ల మీద ఒక పాలకుడి కన్ను పడుతుంది. ఆమెను కాపాడుకోవడానికి కుటుంబమంతా రాత్రికి రాత్రి బయలుదేరుతుంది. వెనక గుర్రాలు, ముందు ఏరు. ఒడ్డున ఉన్న చెట్టు వంగి దారి ఇస్తే దాటి అవతలికి వెళతారు. నెలల నడక, ఆకలి, చావులు దాటి, ఎవరూ దున్నని నల్లనేల చేరుకుంటారు. ముళ్ళ అడవిని కాల్చి, చదును చేసి, ఊరు కడతారు. మిడతల దండు వస్తుంది, కరువు వస్తుంది, చివరికి ఇంగ్లీషువాళ్ళ పాలన వస్తుంది. నవలకు ఒక్క నాయకుడు లేడు, ఊరే నాయకుడు. రెండో నవల అదే ఊరిని స్వాతంత్ర్య పోరాట కాలం దాకా తీసుకువస్తుంది. ‘అందమాన్ నాయక్కర్’తో ఈ వరస మూడు నవలలైంది.

వంగి దారి ఇచ్చిన చెట్టు కథ కి. రా. కల్పన మాత్రమే కాదు. తమిళనాడులోని తెలుగు కుటుంబాల్లో ఇలాంటి కథ ఎన్నో రూపాల్లో ఉంది. చరిత్ర పుస్తకంలో తేదీ లేనివాళ్ళకు ఆ చెట్టే ఆధారం. పల్నాడులోనూ ఇదే జరిగింది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని శాసనాల కంటే ఎక్కువగా వీరవిద్యావంతుల పాట కాపాడింది. కార్తీకంలో కారంపూడిలో జరిగే వీరారాధన ఇప్పటికీ ఆ పాట మీదే నిలబడింది. నమ్మకం, చరిత్ర కలగలిసిన ఇలాంటి కథను చిన్నచూపు చూడకుండా, అలాగని గుడ్డిగా కీర్తించకుండా నవలలో కూర్చోబెట్టడం కి. రా. సాధించిన పెద్ద పని.

వలస వెళ్ళిన జాతి పరాయి నేలలో సాహిత్యం సృష్టించడం ప్రపంచంలో మరెన్నో చోట్ల జరిగింది. ఐస్‌లాండ్ నుంచి కెనడా చేరిన కుటుంబాలు 1875లో విన్నిపెగ్ సరస్సు ఒడ్డున గిమ్లి అనే ఊరు కట్టుకున్నాయి. ఆ ఏడే ఐస్‌లాండ్‌లో అస్క్యా అగ్నిపర్వతం పేలి, బూడిద పొలాలను ముంచడంతో వలస ఇంకా పెరిగింది. వాళ్ళు అచ్చును కూడా సమకూర్చుకున్నారు. రెండేళ్ళకే సొంత భాషలో పత్రిక నడిపారు. అల్బెర్టాలో పగలు సేద్యం చేసి రాత్రి రాసుకున్న స్టెఫాన్ జి. స్టెఫాన్సన్ ఐస్‌లాండిక్ భాషలోనే మహాకవి అయ్యాడు. తర్వాతి తరంలో, 1890లో విన్నిపెగ్‌లో పుట్టిన లారా గుడ్‌మన్ సాల్వర్సన్ ఇంగ్లీషులోకి మారింది. తన జాతి వలసను 1923లో ‘ది వైకింగ్ హార్ట్’ నవలగా రాసి, ఆ తర్వాత కెనడా గవర్నర్ జనరల్ పురస్కారాన్ని రెండుసార్లు అందుకుంది. సాల్వర్సన్ చేసిన పనికీ కి. రా. చేసిన పనికీ పోలిక స్పష్టం, తేడా కూడా ఉంది. ఆమెకు వలస తల్లిదండ్రుల అనుభవం. ఆయనకు వందల ఏళ్ళ వెనకటి మాట. అచ్చు లేకుండా, బడి లేకుండా, అవ్వల నోటి మీదే అంతకాలం నిలిచిన జ్ఞాపకం ఆయనకు అందింది. ఐస్‌లాండ్ తన కెనడా కవిని సొంతవాడిగా తలచుకుంటుంది. తెలుగునాడు కి. రా.ను ఇంకా అలా తలచుకోలేదు.

వలస ఒక్కటే ఆయన కథావస్తువు అనుకుంటే పొరపాటు. ‘కదవు’ అనే కథలో ఒక పేద ఇంటి పిల్లలకు తలుపే ఆటవస్తువు. దాని మీదెక్కి ఊగడమే వాళ్ళ సంబరం. తండ్రి పని వెతుక్కుంటూ ఊరు వదిలి వెళతాడు. శిస్తు బాకీకి తలారి వచ్చి ఆ తలుపు ఊడదీసుకుపోతాడు. తలుపు లేని ఇంట్లో చలిగాలికి పసిబిడ్డ చనిపోతాడు. చాలా రోజుల తర్వాత చావడి వెనక చెదలు పట్టి పడివున్న తమ తలుపును చూసి పిల్లలు దాన్ని కౌగిలించుకుంటారు. ప్రభుత్వాన్ని ఒక్క మాట అనకుండా ప్రభుత్వం మీద రాసిన ఈ కథ ఇడైసెవల్ చావడి ముందు నిలబడితే ఇంకా బరువెక్కుతుంది. పొలంలో గొర్రెల మంద పెట్టించే కాపరుల బతుకు మీద రాసిన ‘కిడై’ నవలిక 2003లో ‘ఒరుత్తి’ పేరుతో సినిమా అయింది.

భాష విషయంలోనూ ఆయన దారి వేరు. పుస్తకాల తమిళాన్ని పక్కన పెట్టి, కరిసల్ పల్లెవాడి నోటి తమిళంలో రాశారు. పండితులు అది తప్పుల తమిళం అనుకుంటారని జంకలేదు. ఆ మాటలన్నీ ఏరి ఒక నిఘంటువే కూర్చారు. దశాబ్దాలపాటు ఊరూరా సేకరించిన జానపద కథలు 2007లో 944 పేజీల సంపుటంగా వచ్చాయి. పెద్దవాళ్ళు గుసగుసగా చెప్పుకునే మోటు కథలను కూడా వదలకుండా అచ్చువేశారు. ఆయన వెనకే ఈ నల్లనేల నుంచి ఒక తరం లేచింది. పూమణికి 2014లో, చో. ధర్మన్‌కు 2019లో సాహిత్య అకాడమీ పురస్కారాలు వచ్చాయి. వాన తక్కువ పడే ఒక చిన్న ప్రాంతం ఇంత సాహిత్యం పండించిందంటే, తన ఊరి మాట సాహిత్యానికి పనికొస్తుందని ఒక రైతు ముందుగా నిరూపించడమే అందుకు పెద్ద కారణం.

ఇడైసెవల్ నుంచి దక్షిణానికి గాలిమరల వరసల మధ్య దారి కయత్తారు చేరుతుంది. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఇంగ్లీషువాళ్ళు ఉరితీసింది ఇక్కడే. తమిళులు తమ వీరుడిగా కొలిచే కట్టబొమ్మన్ తెలుగు మూలాలున్న పాలెగాడు. కోవిల్‌పట్టికి తూర్పున ఎట్టయపురం ఉంది. అక్కడి జమీందారులూ తెలుగు మూలాలవాళ్ళే. 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు అది, ముత్తుస్వామి దీక్షితులు 1835లో తుదిశ్వాస విడిచిన ఊరూ అదే. ఈ నేలలో ఎవరిది ఏ మూలం అన్న లెక్క తీసినకొద్దీ తెలుగు, తమిళం విడదీయలేనంతగా కలిసిపోయి కనిపిస్తాయి. జనానికి ఆ లెక్కతో పనిలేదు. కట్టబొమ్మన్ స్మారకం ముందు చెప్పులు విడిచి దండం పెట్టేవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉంటారు.

తిరుగు దారిలో పుదుచ్చేరి. ఏడో తరగతి దాటని రైతును ఇక్కడి విశ్వవిద్యాలయం జానపద సాహిత్యం చెప్పడానికి ఆచార్యుడిగా పిలిచింది. ఆయన చివరి దశాబ్దాలు ఈ ఊళ్ళోనే గడిచాయి. తెలుగు యానాం కూడా భాగమైన ఈ చిన్న కేంద్రపాలిత ప్రాంతంలో, సముద్రపు గాలిలో కూర్చుని ఆయన కరిసల్ ఎండ గురించే రాశారు. మరణించాక భౌతికకాయాన్ని ఇడైసెవల్ తీసుకువెళ్ళి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. ఒక రచయితకు ప్రభుత్వం ఆ గౌరవం ఇవ్వడాన్ని తమిళ సమాజం తన గౌరవంగా భావించింది.

మళ్ళీ క్రోసూరు చేరేసరికి అవే పత్తిచేలు, అవే మిరప కల్లాలు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా పల్నాడు బాధను పద్యంలో పెట్టి దేశమంతా వినిపించారు. కానీ ఊరి చరిత్రను, ఊరి మాటను, అవ్వలు చెప్పే కథను కి. రా. పద్ధతిలో ఏరి, నిఘంటువుగా, సంపుటాలుగా కూర్చే పని పల్నాడులో ఇంకా చాలా మిగిలివుంది. సాగర్ కాలువ రాకముందు సేద్యం, కరువులో తిన్న దుంపలు, మంద పెట్టిన కాపరులు, ఊరు విడిచి పోయిన కుటుంబాలు ఇప్పటికీ గుర్తున్న ముసలివాళ్ళు ఊరికి కొందరైనా ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టడానికి డిగ్రీలు అక్కర్లేదని ఇడైసెవల్ రైతు చూపించారు. తెలుగు ప్రచురణకర్తలు, అనువాదకులు కి. రా. రచనలన్నిటినీ తెలుగు పాఠకుడి చేతికి అందించాలి. పల్నాడు యువత తమ ఊరి పెద్దల మాటలను ఈ ఏడే రాయడం మొదలుపెట్టాలి.